డాడ్జర్స్ బ్రూక్లిన్‌లోనే ఉండిపోయి ఉంటే ఏ నగరానికి ఏ జట్టు దక్కేది?

మీ ప్రశ్న సారాంశం ఇది: 1957లో బ్రూక్లిన్ డాడ్జర్స్ లాస్ ఏంజెలిస్‌కు తరలిపోకుండా న్యూయార్క్‌లోనే ఉండిపోయి ఉంటే, ఆ తరువాత అమెరికా బేస్‌బాల్‌లో జట్ల తరలింపులు, లీగుల విస్తరణ ఏ దారి పట్టేవి? మీరు అల్లుకున్న ఊహాచరిత్రలో డాడ్జర్స్‌ను బ్రూక్లిన్‌లో నిలిపారు, న్యూయార్క్‌లోని మరో జట్టు జెయింట్స్‌ను మాత్రం యథాతథంగా శాన్‌ఫ్రాన్సిస్కోకు పంపారు, న్యూయార్క్ మెట్స్, లాస్ ఏంజెలిస్ ఏంజెల్స్, మిన్నెసోటా ట్విన్స్ జట్లను అసలు చరిత్రలో పుట్టిన సంవత్సరాల్లోనే పుట్టించారు. చిక్కంతా అక్కడే ఉంది. డాడ్జర్స్ కదలకపోతే ఆ మూడు జట్లలో ఒక్కటి కూడా మనం ఎరిగిన రూపంలో పుట్టదు. నేను ఇరవై ఏళ్లకు పైగా ఈ తరలింపుల చరిత్రను ఇష్టంగా చదువుతున్నాను. ఆ చదువులో నాకు స్థిరపడిన అభిప్రాయం ఒక్కటే: లీగులను విస్తరింపజేసింది జట్టు చేరిన కొత్త ఊరు కాదు, జట్టు వదిలివెళ్లిన పాత ఊరిలో మిగిలిన ఖాళీ.

ఈ మాటను కాస్త వివరించాలి. 1903 నుంచి 1952 దాకా నేషనల్, అమెరికన్ అనే రెండు మేజర్ లీగుల్లోనూ కలిపి పదహారు జట్లే ఉండేవి, ఒక్కటి కూడా ఊరు మారలేదు. 1953లో బ్రేవ్స్ బోస్టన్ నుంచి మిల్వాకీకి వెళ్లి తలుపు తెరిచారు. బోస్టన్‌లో చివరి ఏడాది మొత్తం మీద 2,81,278 మంది చూసిన జట్టును మిల్వాకీలో మొదటి ఏడాదే 18,26,397 మంది చూశారు. ఆ అంకెలు చూసిన ఏ యజమానికీ నిద్రపట్టి ఉండదు. 1954లో సెయింట్ లూయీ బ్రౌన్స్ బాల్టిమోర్‌కు, 1955లో ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్ కాన్సస్ సిటీకి వెళ్లారు. ఈ మూడు ఊళ్లలోనూ రెండో జట్టు మిగిలే ఉంది కాబట్టి ఎవరూ కాంగ్రెస్ దాకా వెళ్లి గోల పెట్టలేదు. ఆ తరువాతి కథ వేరు. న్యూయార్క్ నుంచి నేషనల్ లీగ్ పూర్తిగా వెళ్లిపోయినందువల్ల 1962లో మెట్స్ వచ్చారు. వాషింగ్టన్ జట్టు సెనెటర్స్ మిన్నెసోటాకు వెళ్లి ట్విన్స్‌గా మారిన 1961లోనే వాషింగ్టన్‌కు అదే పేరుతో కొత్త జట్టు ఇచ్చారు. అథ్లెటిక్స్ ఓక్లాండ్‌కు వెళ్లినప్పుడు మిస్సోరీ సెనేటర్ స్టూవర్ట్ సైమింగ్టన్ గట్టిగా నిలదీయడంతో 1969లో కాన్సస్ సిటీకి రాయల్స్ దక్కారు. ఒక్క సీజన్ ఆడి 1970లో మిల్వాకీకి పారిపోయిన పైలట్స్ విషయంలో సియాటిల్ కోర్టుకెక్కడంతో 1977లో మారినర్స్ వచ్చారు. అంటే విస్తరణలో చాలా భాగం నష్టపరిహారమే. 1922లోనూ, మళ్లీ 1953లోనూ సుప్రీంకోర్టు బేస్‌బాల్‌ను గుత్తాధిపత్య నిరోధక చట్టం పరిధికి బయట ఉంచింది; ఆ మినహాయింపును కాంగ్రెస్ ఎప్పుడు రద్దు చేస్తుందోనన్న భయం యజమానుల చేత ఈ పరిహారాలు ఇప్పించింది.

మనవాళ్లకు ఇది సులువుగా అర్థం కావాలంటే 2012ను గుర్తు చేసుకోవాలి. డెక్కన్ ఛార్జర్స్ రద్దయిన కొద్ది వారాలకే సన్ టీవీ కొత్త ఫ్రాంచైజీని కొని హైదరాబాద్‌లోనే పెట్టింది కాబట్టి ఉప్పల్ అభిమానికి ఒక్క సీజన్ కూడా ఖాళీ పడలేదు. రెండో సెనెటర్స్ జట్టు కూడా 1971 సీజన్ తరువాత టెక్సస్‌కు వెళ్లిపోతే వాషింగ్టన్ 2005 దాకా, అంటే ఒక తరం పిల్లలు పెద్దవాళ్లయ్యేదాకా ఎదురుచూసింది.

ఇక మీ కథ మలుపు దగ్గరికి వద్దాం. చాలామంది రాసినట్టు డాడ్జర్స్ యజమాని వాల్టర్ ఒమాలీ మొదటి నుంచీ బ్రూక్లిన్‌ను వదిలించుకోవాలని చూశాడని నేను నమ్మను. 1913లో కట్టిన ఎబెట్స్ ఫీల్డ్‌లో సుమారు 32,000 మంది పట్టేవారు, చుట్టుపక్కల నిలపగలిగేది ఏడు వందల కార్లు. అభిమానులు ఒక్కొక్కరే లాంగ్ ఐలాండ్ శివార్లకు ఇళ్లు మారుస్తుండగా ఒమాలీ కోరుకున్న చోటు అట్లాంటిక్, ఫ్లాట్‌బుష్ అవెన్యూలు కలిసే మూల, ఎందుకంటే లాంగ్ ఐలాండ్ రైళ్లు వచ్చి ఆగేది అక్కడే. స్టేడియం తన డబ్బుతోనే కట్టుకుంటానన్నాడు. చెల్లాచెదురుగా పలువురి చేతుల్లో ఉన్న స్థలాన్ని మాత్రం నగరం సేకరించి తనకు అమ్మాలన్నాడు. 1949 నాటి గృహనిర్మాణ చట్టం కింద సేకరించే భూమిని ప్రైవేటు స్టేడియానికి ఇవ్వడం ప్రజాప్రయోజనం కాదని, నగర నిర్మాణాలను శాసించే అధికారి రాబర్ట్ మోజెస్ తేల్చి చెప్పాడు, దానికి బదులు క్వీన్స్‌లోని ఫ్లషింగ్ మెడోస్ చూపించాడు. 1956లో గవర్నర్ హారిమన్ సంతకంతో బ్రూక్లిన్ క్రీడా కేంద్ర సంస్థ ఏర్పడింది గానీ నగరం దానికి సరిపడా నిధులు ఇవ్వలేదు. కాబట్టి మోజెస్ మనసు మారిందని ఒక వాక్యంలో రాసి ఊరుకోవద్దు, అది అతికినట్టు ఉండదు. మేయర్ వాగ్నర్ 1957లో తిరిగి ఎన్నికకు నిలబడ్డాడు; డాడ్జర్స్ పోతే బ్రూక్లిన్ ఓట్లు పోతాయన్న భయం అతనికి 1956 శీతాకాలంలోనే పుట్టిందని, ఆ భయంతో క్రీడా కేంద్ర సంస్థకు నిధులిచ్చాడని రాయండి. మోజెస్‌ను పక్కకు జరపగల మనిషి మేయర్ ఒక్కడే.

అసలు చరిత్రలో 1957 సెప్టెంబర్ 24 రాత్రి ఎబెట్స్ ఫీల్డ్ ఆఖరి ఆటకు 6,702 మంది వచ్చారు, డాడ్జర్స్ పిట్స్‌బర్గ్ మీద 2-0తో గెలిచారు. రెండేళ్ల క్రితమే యాంకీస్‌ను ఓడించి తొలి ప్రపంచ టైటిల్ తెచ్చిన జట్టు అది. 1960 ఫిబ్రవరిలో మైదానాన్ని కూల్చడానికి వచ్చిన ఇనుప గుండుకు తెల్లరంగు వేసి, ఎర్రటి కుట్లు గీసి, బేస్‌బాల్ బంతిలా ముస్తాబు చేశారు. నాలుగేళ్ల తరువాత జెయింట్స్ మైదానమైన పోలో గ్రౌండ్స్‌నూ అదే గుండుతో కూల్చారు. నేను కొన్నేళ్ల క్రితం బ్రూక్లిన్‌లోని ఆ వీధికి వెళ్లి నిలబడ్డాను. ఇప్పుడక్కడ ఉన్నవి అపార్ట్‌మెంట్లు, గోడలో ఒక జ్ఞాపక శిల. హోమ్ ప్లేట్ ఏ మూల ఉండేదో చూపించేవారు కూడా కనబడలేదు.

డాడ్జర్స్ ఆగిపోతే మొదట మారేది జెయింట్స్ గమ్యం. ఆ జట్టు యజమాని హోరెస్ స్టోన్‌హమ్ ఎటూ న్యూయార్క్ వదిలేవాడే. 1957లో అతని ఆటలకు ఏడాది పొడవునా వచ్చినవాళ్లు 6,53,923 మంది. అయితే అతని చూపు మొదట పడింది శాన్‌ఫ్రాన్సిస్కో మీద కాదు, మిన్నియాపోలిస్ మీద. అక్కడి మైనర్ లీగ్ (కింది స్థాయి) జట్టు మిల్లర్స్ జెయింట్స్‌దే కాబట్టి ఆ ప్రాంతపు హక్కులు చేతిలోనే ఉన్నాయి, ఎవరికీ పరిహారం కట్టనక్కరలేదు. 1956లో తెరిచిన మెట్రోపాలిటన్ స్టేడియం మేజర్ లీగ్ జట్టు కోసమే ఎదురుచూస్తోంది. శాన్‌ఫ్రాన్సిస్కో అయితే ముందుగా అక్కడి సీల్స్ జట్టు యజమానులైన రెడ్ సాక్స్‌తో మిల్లర్స్‌ను మార్పిడి చేసుకోవలసి వచ్చింది. స్టోన్‌హమ్‌ను పడమటికి తిప్పింది ఒమాలీయే. అతను కదలకపోతే తిప్పేవాడే లేడు.

నాకు ఈ ఊహాచరిత్రలో అన్నిటికన్నా ఇష్టమైన దృశ్యం ఇక్కడే ఉంది, దీన్ని మీరు తప్పక వాడుకోవాలి. 1951లో ఇరవై ఏళ్లు నిండిన విల్లీ మేస్ మిల్లర్స్ తరఫున 35 ఆటలు ఆడి .477 సగటుతో బాదుతుండగా జెయింట్స్ అతన్ని న్యూయార్క్‌కు పిలిపించారు. ఊరు ఊరంతా నొచ్చుకుంటే స్టోన్‌హమ్ అక్కడి పత్రికలో క్షమాపణ ప్రకటన వేయించవలసి వచ్చింది. 1958 ఏప్రిల్‌లో, మంచు పూర్తిగా కరగని ఆ ఊరికి, అదే మేస్ తిరిగి వస్తాడు. అతని పక్కనే 1957లో మిల్లర్స్‌కు ఆడిన ఓర్లాండో సెపేడా ఉంటాడు. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రేక్షకులు మేస్‌ను మొదట్లో న్యూయార్క్ వాడిగానే చూశారు, సెపేడానే తమవాడనుకున్నారు. మిన్నియాపోలిస్‌లో ఆ దూరం ఉండేది కాదు.

రెండో మార్పు లాస్ ఏంజెలిస్‌ది. 1957 మే 28న నేషనల్ లీగ్ యజమానులు ఇద్దరికీ కలిపి అనుమతి ఇచ్చారు, ఇద్దరూ కలిసి వెళ్లాలన్నదే ఆ షరతు ప్రాణం. అప్పటికి లీగులకు పడమటి అంచు కాన్సస్ సిటీ. ఒక్క జట్టు కోసం మిగతా ఏడు జట్లూ పసిఫిక్ తీరం దాకా వెళ్లిరావడం ఖర్చు రీత్యా గిట్టేది కాదు. డాడ్జర్స్ లేకపోతే నేషనల్ లీగ్ కాలిఫోర్నియా జోలికి పోదు, ఆ అవకాశం అమెరికన్ లీగ్‌కు మిగులుతుంది. లాస్ ఏంజెలిస్ కౌంటీ సూపర్‌వైజర్ కెన్నెత్ హాన్ 1956 వరల్డ్ సిరీస్‌కు (రెండు లీగుల విజేతల మధ్య జరిగే తుది పోరుకు) వచ్చింది వాషింగ్టన్ సెనెటర్స్ యజమాని కాల్విన్ గ్రిఫిత్‌ను ఒప్పించడానికే. ఒమాలీ మధ్యలో కబురు పంపి ఆ ప్రయత్నాన్ని తనవైపు తిప్పుకున్నాడు. ఒమాలీ లేని చోట హాన్ పని గ్రిఫిత్‌తోనే పూర్తవుతుంది. అయితే వెంటనే కాదు. రాజధాని నగరపు జట్టును ఖాళీ చేయించడమంటే కాంగ్రెస్ సభ్యుల ముక్కు కింద నుంచి లాక్కుపోవడమే, పైగా గుత్తాధిపత్య ఉపసంఘానికి అధ్యక్షుడు బ్రూక్లిన్ ప్రతినిధి ఇమాన్యుయేల్ సెల్లర్. అమెరికన్ లీగ్ రెండు మూడేళ్లు తటపటాయించి, వాషింగ్టన్‌కు మరో జట్టు ఇస్తామని మాట ఇచ్చాకే గ్రిఫిత్‌ను కదలనిస్తుందని నా అంచనా. 1962 సీజన్ అని పెట్టుకోండి. సెనెటర్స్ బ్యాటర్, కుడిచేతి వాటం హార్మన్ కిల్‌బ్రూ 1959లోనే 42 హోమ్ రన్లు కొట్టాడు. లాస్ ఏంజెలిస్ కోలిసియంలో ఎడమ గీత వెంట కంచె 251 అడుగుల దూరంలోనే ఉండేది కాబట్టి ఎంత ఎత్తు వల కట్టినా అతను అక్కడ ఏ స్థాయిలో చెలరేగేవాడో లెక్క వేసుకోండి. ఇక జీన్ ఆట్రీ యజమానిగా లాస్ ఏంజెలిస్‌లో పుట్టిన ఏంజెల్స్‌కు ఈ చరిత్రలో చోటు లేదు.

ఇక్కడే ఒక పొరపాటును సరిదిద్దాలి, ఎందుకంటే మీ కథలో డాడ్జర్స్ రాకపోవడం వల్ల, లాస్ ఏంజెలిస్‌లో వాళ్ల స్టేడియం లేచిన చావెజ్ రవీన్‌లోని మెక్సికన్ అమెరికన్ కుటుంబాలు తమ ఇళ్లలోనే సుఖంగా ఉండిపోయాయి. అది జరగదు. ఆ కుటుంబాల్లో అత్యధికులను ప్రభుత్వ గృహ సముదాయం పేరుతో 1950 నుంచే ఖాళీ చేయించారు; ఆ సముదాయం రద్దయ్యాక భూమి నగరం చేతికి వచ్చింది. ఒమాలీతో నగరం చేసుకున్న ఒప్పందాన్ని 1958 జూన్ 3న ఓటర్లు స్వల్ప ఆధిక్యంతో ఆమోదించారు, మిగిలిన కొద్ది కుటుంబాలను 1959 మేలో పోలీసులు మోసుకొచ్చి బయట పెట్టారు. డాడ్జర్స్ రాకపోతే ఆ చివరి బలవంతపు దృశ్యం తప్పేదేమో గానీ, చెదిరిన ఊళ్లు తిరిగి నిలబడేవి కావు. స్టేడియం మాత్రం అక్కడ లేచేది కాదు, ఎందుకంటే సొంత డబ్బుతో అంత నిర్మాణం చేసే స్తోమత గ్రిఫిత్‌కు లేదు. అతను కోలిసియంలో అద్దెకుంటూ కాలం గడిపేవాడు.

మీ కాలక్రమంలో పూర్తిగా తప్పిపోయినది కాంటినెంటల్ లీగ్, అంటే పాత రెండిటికీ పోటీగా ప్రకటించిన మూడో మేజర్ లీగ్. జెయింట్స్, డాడ్జర్స్ ఒకేసారి వెళ్లిపోయాక మేయర్ వాగ్నర్ ఒక సంఘం వేశాడు, దానిలో న్యాయవాది విలియం షే రెడ్స్, పైరేట్స్, ఫిలీస్ జట్లను న్యూయార్క్‌కు రప్పించాలని ప్రయత్నించి విఫలమయ్యాడు. ఆ తరువాతే 1959 జూలై 27న మూడో లీగును ప్రకటించాడు, పూర్వం డాడ్జర్స్‌ను నడిపిన బ్రాంచ్ రికీ దానికి అధ్యక్షుడయ్యాడు. న్యూయార్క్, హ్యూస్టన్, టొరంటో, డెన్వర్, మిన్నియాపోలిస్ మొదటి ఐదు నగరాలు. అట్లాంటా, బఫెలో, డల్లాస్ తరువాత చేరాయి. బేస్‌బాల్ మినహాయింపుకు కోత పెట్టే సెనేటర్ ఎస్టెస్ కెఫావర్ బిల్లు 1960లో గట్టెక్కకపోయినా ఆ బెదురుకే పాత లీగులు దిగివచ్చాయి, 1960 ఆగస్టు 2న ఒప్పందం కుదిరి, ఒక్క బంతి కూడా వేయకుండానే మూడో లీగు ముగిసింది. ఆ ఎనిమిది నగరాల్లో బఫెలో తప్ప మిగతా అన్నిటికీ కాలక్రమంలో మేజర్ లీగ్ జట్లు దక్కాయంటే రికీ ఎంచుకున్న పటం ఎంత నిఖార్సైనదో గమనించండి.

డాడ్జర్స్ ఉండిపోతే ఈ లీగుకు తల ఉండదు. న్యూయార్క్‌లో నేషనల్ లీగ్ జట్టు ఉంది, షేను పిలిచే మేయర్ లేడు, మిన్నియాపోలిస్ అప్పటికే నిండిపోయింది. హ్యూస్టన్, డెన్వర్, టొరంటో, డల్లాస్ పెట్టుబడిదారులు ఎంత పట్టుబట్టినా న్యూయార్క్ టెలివిజన్ మార్కెట్ లేని మూడో లీగును చూసి ఎవరూ భయపడరు. నేషనల్ లీగ్ విస్తరణ అసలు చరిత్రలో కన్నా నాలుగైదేళ్లు వెనకబడి 1966, 1967 ప్రాంతానికి జరుగుతుంది. జెట్ విమానాలు, టెలివిజన్, పడమటికీ దక్షిణానికీ పెరిగిన జనాభా మాత్రం ఆగేవి కావు కాబట్టి 1970ల చివరికి జట్ల సంఖ్య ఇరవై నాలుగు దగ్గరికే చేరుతుందని నా నమ్మకం. ఊళ్లు మాత్రం వేరు.

మైదానం గురించి ఒక్క మాట. 1955లో బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ ప్రిన్స్‌టన్ విద్యార్థులతో కలిసి ఒమాలీకి ఒక గుమ్మటం నమూనా తయారు చేశాడు. దాన్ని నిజంగా కట్టించాలనుకుంటే హ్యూస్టన్‌లో 1965లో ఏం జరిగిందో చూడండి: పారదర్శకమైన పైకప్పు మెరుపుకు ఫీల్డర్లకు బంతి కనబడలేదు, రంగు పూస్తే కింద గడ్డి చచ్చిపోయింది, చివరికి 1966లో కృత్రిమ గడ్డి పరచవలసి వచ్చింది. మీ బ్రూక్లిన్ గుమ్మటంలో అదే కష్టం ఐదారేళ్లు ముందే వస్తుంది. డాడ్జర్స్ ఆటగాడు జాకీ రాబిన్సన్‌ను మాత్రం ఆ కొత్త మైదానంలో ఆడించకండి. 1956 సీజన్ తరువాత అతన్ని జెయింట్స్‌కు మార్పిడి చేస్తే అతను ఆట నుంచే తప్పుకున్నాడు, తరలింపుకూ దానికీ సంబంధం లేదు. డాడ్జర్స్ బౌలర్ శాండీ కౌఫాక్స్ సంగతి వేరు. బ్రూక్లిన్‌లో పుట్టిపెరిగిన ఆ కుర్రాడి మహత్తర సంవత్సరాలన్నీ, యూదుల పవిత్ర దినమైన యోమ్ కిప్పుర్ నాడు బంతి పట్టనన్న 1965 వరల్డ్ సిరీస్‌తో సహా, సొంత వీధుల మధ్య గడిచేవి.

మిల్వాకీ పతనం తొందరపడుతుంది. అసలు చరిత్రలో 1961లో ట్విన్స్ వచ్చి పశ్చిమాన ఉన్న అభిమానులను లాక్కున్నారు. ఇక్కడ మేస్ ఉన్న జట్టు 1958లోనే, అదే లీగులో, పక్క రాష్ట్రంలో దిగుతోంది. బ్రేవ్స్ అట్లాంటాకు 1966 కన్నా ముందే వెళ్లే అవకాశం ఎక్కువ. శాన్‌ఫ్రాన్సిస్కో విషయానికి వస్తే, గ్రిఫిత్‌కు తోడుగా అమెరికన్ లీగ్‌కు పడమట రెండో జట్టు కావాలి, 1960 డిసెంబర్‌లో కాన్సస్ సిటీ జట్టును కొన్న చార్లీ ఫిన్లీ ఏ ఊరు పిలిస్తే ఆ ఊరికి వెళ్లడానికి సిద్ధంగా ఉన్నాడు. 1954లోనే స్టేడియం బాండ్లకు ఓటేసిన శాన్‌ఫ్రాన్సిస్కో అతనికి బంగారు పళ్లెం. అలా అయితే ఓక్లాండ్‌కు మేజర్ లీగ్ జట్టు ఎన్నడూ రాదు. నేను ఉండేది బే ఏరియాలోనే కాబట్టి ఈ వాక్యం రాయడానికి మనసు ఒప్పలేదు. 2024 సీజన్‌తో అథ్లెటిక్స్ ఓక్లాండ్ కోలిసియంను వదిలివెళ్లారు. 2025 జూన్‌లో అక్కడే మేజర్ లీగ్ క్రికెట్ సీజన్ మొదలైంది, ఫిన్ అలెన్ పందొమ్మిది సిక్సర్లు కొట్టిన రాత్రి నా చుట్టూ వరుసల్లో తెలుగే ఎక్కువగా వినబడింది. ఆ కాంక్రీటు గిన్నె మీ చరిత్రలో ఫుట్‌బాల్ కోసం మాత్రమే కట్టినదై ఉంటుంది.

ఇంకా పెద్ద మలుపు కావాలనుకుంటే 1957ను వదిలి 1941 డిసెంబర్‌ను పట్టుకోండి. సెయింట్ లూయీ బ్రౌన్స్ యజమాని డాన్ బార్న్స్ తన జట్టును లాస్ ఏంజెలిస్‌కు తీసుకువెళ్లడానికి ప్రయాణ ఏర్పాట్లతో సహా ప్రణాళిక సిద్ధం చేసి, అమెరికన్ లీగ్ సమావేశంలో పెట్టబోతుండగా, దానికి ముందు ఆదివారం పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగింది. ఆ ప్రతిపాదనకు అక్కడే తెరపడింది. అది నెరవేరి ఉంటే 1944లో ఒకే మైదానంలో రెండు సెయింట్ లూయీ జట్లు ఆడిన వరల్డ్ సిరీస్ ఉండేది కాదు, బాల్టిమోర్ ఓరియోల్స్ ఉండేవారు కారు, ఒమాలీకి పడమట ఖాళీ జాగా ఉండేది కాదు. కానీ అప్పుడు మార్చవలసినది ఒక మేయర్ మనసు కాదు, యుద్ధం. అందుకే మీరు ఎంచుకున్న మలుపే మంచిదంటాను.

చివరిగా షెడ్యూలు లెక్క. ఎనిమిది జట్ల లీగులో ఒక్కో జట్టు మిగతా ఏడింటితో 22 చొప్పున 154 ఆటలు ఆడేది. పది జట్లయితే తొమ్మిదింటితో 18 చొప్పున 162 ఆటలు. అమెరికన్ లీగ్ విస్తరణ 1962కు జరిగిందంటే 1961 సీజన్ పాత లెక్కలోనే, 154 ఆటలతో, కొత్త జట్ల బలహీనమైన బౌలర్లు లేకుండా నడుస్తుంది. యాంకీస్ బ్యాటర్ రోజర్ మారిస్ ఆ ఏడాది 154 ఆటలు పూర్తయ్యేసరికి 59 హోమ్ రన్ల దగ్గర ఉన్నాడు, బేబ్ రూత్ 1927 నాటి 60ని దాటించిన 61వది అక్టోబర్ 1న యాంకీ స్టేడియంలో సీజన్ ఆఖరి ఆటలో వచ్చింది. మీ న్యూయార్క్‌లో అతనికి ఆ చివరి ఎనిమిది ఆటలు దొరకవు.